తాళం పడిన గుడికి రెండు జపమాలలు

నా చిన్నప్పుడు గుడికి కూడా తాళం వేస్తారని నాకు తెలియదు. కొట్టుకు వేస్తారు, బడికి వేస్తారు, ఊరెళితే ఇంటికి వేస్తారు. దేవుడు ఎక్కడికీ వెళ్ళడు కాబట్టి గుడికి ఆ అవసరం ఉండదనుకునేదాన్ని. అందుకే ఆ సెప్టెంబరు ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ గౌను వేసుకుని, తలమీద ముసుగు సర్దుకుంటూ వెళ్ళి, మా కతోలిక గుడి తలుపులకు అరచేయంత తాళం వేలాడుతూ ఉండటం చూసి నిర్ఘాంతపోయాను. తలుపుకొక కాగితం అంటించి ఉంది. పెద్దవాళ్ళు దాని ముందు గుమిగూడి చదువుతున్నారు. చదివినవాళ్ళు పక్కకు తప్పుకుంటున్నారు. మా అమ్మ మాత్రం కాగితం వైపు చూడనేలేదు. గుడి పక్కనుంచి వెనక్కు వెళ్ళి, అక్కడి ఇనుప గేటుకు కూడా గొలుసు కట్టి ఉండటం చూసి, దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ గుడి విశాఖపట్నం రేవుకు దగ్గర్లో ఉండేది. ఓడల్లోకి ఇనుపరాయి ఎత్తే చోటునుంచి ఎర్రదుమ్ము గాలికి కొట్టుకొచ్చి ఇళ్ళ మీద, ఆరేసిన బట్టల మీద, మా ముక్కుల్లోనూ పడేది. గుడికి పండుగ ముందు సున్నం వేస్తే రెండు నెలలు తిరక్కుండానే గోడలు మళ్ళీ ఎర్రబడేవి. గుడి వెనక చిన్న సమాధుల దొడ్డి, చుట్టూ మనిషెత్తు గోడ, ఆ గోడకే అమ్మ పట్టుకున్న గేటు. లోపల ఒక మూల, రాయీ రప్పా ఏమీ లేని చిన్న మట్టిదిబ్బ కింద మా తమ్ముడు ఉన్నాడు. నాకు మూడేళ్ళప్పుడు పుట్టి ఆ రోజే పోయాడు. నాకు తెలిసింది అంతే. ఏటా నవంబరులో ఆత్మల పండుగనాడు అమ్మ ఆ దిబ్బమీద ఒక కొవ్వొత్తి వెలిగించేది. ఎవరో ఒకరు ఆ చోటును ముందే శుభ్రం చేసి పెట్టి ఉండేవారు. నేనేదైనా అడగబోతే అమ్మ నా నోటిమీద చెయ్యి పెట్టేసేది.

గుడికి వచ్చే కతోలికుల్లో రెండు రకాలవాళ్ళం ఉండేవాళ్ళం. తాతల కాలంనుంచి అక్కడే ఉంటూ రేవులో కళాసీలుగానో, రైల్వేలోనో పనిచేసేవాళ్ళు ఒకరు. పోర్టు ఉద్యోగాల కోసం కృష్ణా, గుంటూరు జిల్లాలనుంచి వచ్చి స్థిరపడిన మావంటివాళ్ళు రెండో రకం. వాళ్ళు మమ్మల్ని గంపగుత్తగా ‘గుంటూరోల్లు’ అనేవారు, మాలో చాలామంది గుంటూరు మొహం చూడకపోయినా సరే. మేము వాళ్ళను ‘ఊరివాళ్ళు’ అనేవాళ్ళం. పూజలో మాత్రం అందరం ఒకే చాపలమీద మోకాళ్ళూనేవాళ్ళం.

మా పక్కింటి మామ్మ ఊరివాళ్ళ మనిషే. తెల్లచీర, చెవులకు పెద్ద పెద్ద తమ్మెట్లు, నడుము కొంచెం వంగినా నడకలో మాత్రం నాకంటే జోరు. భర్త పోయాక ఆవిడ గుడినే ఇల్లు చేసుకుంది. గుడి ఊడ్చేది, పీఠం మీద పూలు మార్చేది, మూడు పూటలా గంట కొట్టేది. రెండిళ్ళ మధ్య పిట్టగోడ మీదుగా మా పప్పు అటు, ఆవిడ చేపల పులుసు ఇటు రోజూ ప్రయాణం చేసేవి. నన్ను ‘బుల్లీ’ అని పిలిచేది. ఆ ఊరి మాటలన్నీ నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఇంతకీ తాళం ఎందుకు పడిందో చెప్పాలి. చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. మరియమ్మ తల్లి పుట్టిన పండుగకు ఆ తల్లి స్వరూపాన్ని, అంటే విగ్రహాన్ని, వీధుల్లో ఊరేగించడం మా గుడి ఆచారం. ఊరివాళ్ళు తాతల నాటినుంచి పల్లకీలో భుజాలమీద మోసేవారు. మా నాన్న పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ ఏడాది ఆయనా, మావాళ్ళు కొందరూ కలిసి నాలుగు చక్రాల తేరు ఒకటి తయారుచేశారు. బేరింగులు బిగించి, గ్రీజు రాసి, చిన్నపిల్ల తోసినా కదిలేలా చేశారు. నాన్న దాన్ని చూసుకుని మురిసిపోయాడు. ఊరివాళ్ళు మాత్రం అమ్మవారిని బండిమీద లాక్కెళ్ళడానికి ఆవిడేమైనా బియ్యం బస్తానా అన్నారు. భుజాలమీద మోయడం ఏం గొప్ప, చదువులేని పట్టుదల కాకపోతే అని నాన్న అన్నాడు. ఆ మాట పండుగ ముందు రోజుకల్లా అందరి చెవులకూ చేరిపోయింది.

పండుగనాడు గుడి గుమ్మం ముందే మావాళ్ళు స్వరూపాన్ని తేరుమీద నిలబెట్టారు. ఊరివాళ్ళు పల్లకీ బొంగులు పట్టుకొచ్చారు. వీళ్ళు తేరును లాగారు, వాళ్ళు తల్లిని పైకెత్తారు. రెండూ ఒక్కసారే జరిగాయి. నేను రెండు బారల దూరంలో పూలబుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాను. నీలిరంగు ముసుగుతో ఆ తల్లి పక్కకు ఒరగడం చూశాను, గుమ్మం మెట్టుకు మెడ తగలడం చూశాను. తల దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. నవ్వుతూనే ఉంది. నా చేతిలో బుట్ట ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియలేదు. గుడి గురువుగారు పెద్దాయన. ఆయన పూజ వస్త్రాలతోనే కింద కూర్చుని, ఆ తలను పైబట్ట చెంగులో చుట్టుకుని, ఎవరివైపూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడే ఆయన పెట్టె సర్దుకుని బిషపుగారి దగ్గరకు పోయారు. వారం తిరిగేసరికి తాళం, కాగితం. మీరంతా ఒక్కటయ్యేవరకూ ఈ గుడిలో పూజ ఉండదని బిషపుగారి ఆజ్ఞ.

ఒక్కటవడం మాట దేవుడెరుగు. గుడి తెరిపించడానికి మేం చేసిన పోరాటం కూడా రెండు ముక్కలైంది. మావాళ్ళు రోజూ సాయంత్రం గుడి ముందు తలుపు దగ్గర కూర్చుని జపమాల చెప్పేవారు. ఊరివాళ్ళు వెనక సందులో, సమాధుల గేటు దగ్గర చెప్పేవారు. గుడి తెరవమని ఇద్దరూ ఒకే తల్లిని అడుగుతున్నారు. కానీ వాళ్ళ గొంతు మాకు వినిపిస్తే మేం ఇంకాస్త పెంచేవాళ్ళం, మాది వినిపిస్తే వాళ్ళు పెంచేవారు. పిల్లల్లో అందరికంటే పెద్ద గొంతు నాది. నాన్న నన్ను ముందు వరసలో కూర్చోబెట్టేవాడు. నా గొంతు గోడ దాటి వెనక్కు వెళ్ళాలని మెడ నరాలు తేలేలా అరిచేదాన్ని. అది ప్రార్థన అనుకునేదాన్ని, నా ఖర్మ.

అర్జీలూ అంతే. తప్పంతా పైకెత్తినవాళ్ళదేనని మావాళ్ళు రాసి సంతకాలు పెట్టి బిషపుగారికి పంపారు. లాగినవాళ్ళదేనని వాళ్ళు రాసి వేలిముద్రలు వేసి పంపారు. మా అర్జీ నాన్నే రాశాడు. రాసి ఇంట్లో పైకి చదివాడు కూడా. అందులోని వాక్యాలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. బడిలో ఊరివాళ్ళ పిల్లల ముందు వాటిని పాఠంలా అప్పజెప్పేదాన్ని. పిట్టగోడ మీద గిన్నెల రాకపోకలు ఆగిపోయాయి. మామ్మ ఎదురుపడితే అమ్మ తల దించుకుని వెళ్ళిపోయేది. గంట మోగకపోవడంతో మామ్మకు పొద్దు తెలిసేది కాదు కాబోలు, వేళగాని వేళల్లో గుమ్మంలోకి వచ్చి గుడివైపు చూస్తూ నిలబడేది.

ఒక పొద్దున మా సందులో కుళాయి దగ్గర బిందెలు వరసలో ఉన్నాయి. మామ్మది ముందునుంచి మూడోది. మావాళ్ళలో ఒకావిడ, నేను పిన్ని అని పిలిచేదాన్ని, నావైపు చూసి కన్నెగరేసి, ఆ బిందె అక్కడెందుకే అంది. నేను లేచి వెళ్ళి మామ్మ బిందెను కాలితో తన్నాను. సత్తు బిందె చప్పుడు చేసుకుంటూ దొర్లి కాలవలో పడింది. ఆడవాళ్ళు కొందరు నవ్వారు. మామ్మ నన్ను తిట్టలేదు. కాలవలోకి వంగి బిందె తీసుకుని, సొట్టను ఒకసారి తడిమి, వెళ్ళి వరస చివర నిలబడింది. నేను గెలిచినట్టు ఇంటివైపు తిరిగాను. గుమ్మంలో అమ్మ నిలబడి అంతా చూస్తోంది. కొడుతుందేమో అనుకున్నాను. అమ్మ ఏమీ అనలేదు. తెల్లబోయిన మొహంతో లోపలికి వెళ్ళిపోయింది.

అక్టోబరు నెల జపమాల మాసం. ఆ నెల మధ్యలో బిషపుగారి దగ్గరనుంచి రెండు వైపులకూ ఒకే ఉత్తరం వచ్చింది. నాన్న దాన్ని అరుగుమీద నిలబడి మావాళ్ళందరికీ చదివి వినిపించాడు. నాకు రెండు అర్జీలు వచ్చాయి, రెండూ చదివితే అవి రెండు గుళ్ళు అనిపించింది, అక్కడ ఉన్నది ఒకటే కదా అని రాశారాయన. ఆత్మల పండుగలోగా అందరూ కలిసి ఒక్క అర్జీ పంపకపోతే ఆ గుడిని శాశ్వతంగా మూసేస్తామనీ, మనుషులంతా టౌనులోని పెద్ద గుడికి పోవచ్చనీ, పక్క గోడౌన్లవాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్న ఆ స్థలం వాళ్ళకిచ్చి, సమాధులను టౌను స్మశానానికి తరలిస్తామనీ ఉంది.

చదువుతున్న నాన్న గొంతు ఆ చివరి మాట దగ్గర తడబడింది. లోపల వంటింట్లో ఏదో కిందపడిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే అన్నం గిన్నె బోర్లాపడి ఉంది, అమ్మ గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. పేర్లు చెక్కిన రాళ్ళున్న సమాధులనైతే ఎవరివి వాళ్ళు గుర్తుపట్టి తీసుకుపోతారు. మూలనున్న చిన్న దిబ్బను ఎవరు గుర్తుపడతారు? అమ్మ ఆ మాటే అంటోంది, నాతో కాదు, పొయ్యితో. “వాడికి రాయి కూడా లేదు. వాణ్ణి ఎవరు చూస్తారు? వాణ్ణి అక్కడే వదిలేస్తారు.” అంతకుముందెప్పుడూ అమ్మ తమ్ముణ్ణి ‘వాడు’ అని అనగా నేను వినలేదు. వాడంటూ ఒకడున్నాడని నాకు అప్పుడే తెలిసినట్టు అనిపించింది.

అంత జరిగినా మావాళ్ళు కదల్లేదు. ముందు వాళ్ళే రావాలని మేమూ, ముందు మేమే రావాలని వాళ్ళూ. రోజులు గడిచిపోతున్నాయి. ఆత్మల పండుగ వారంలోకి వచ్చేసింది.

ఆ సాయంత్రం మేం ఎప్పటిలాగే ముందు తలుపు దగ్గర కూర్చున్నాం. నాన్న ఇంకా జపమాల మొదలుపెట్టలేదు. అప్పుడు సందు మలుపు తిరిగి పక్కింటి మామ్మ ఒక్కతే మావైపు నడిచి వచ్చింది. చెప్పులు దూరంగా విడిచి, మా అందరి మధ్యనుంచి దారి చేసుకుంటూ వచ్చి, సరిగ్గా తలుపు ముందు కూలబడింది. అందరం బిత్తరపోయాం. మామ్మ మెడలోని జపమాల తీసి, సిలువ గుర్తు వేసుకుని, గొంతెత్తి మొదలుపెట్టేసింది.

జపమాల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఒక్కో పూస దగ్గర మరియమ్మకు వందనం చెబుతాం. ఆ వందనంలో మొదటి సగం పెద్ద ఎవరో ఒకరు చెబుతారు, రెండో సగం మిగతా అందరూ అందుకుంటారు. మొదటి సగం చెప్పినవాళ్ళు రెండోది చెప్పకూడదు. ఇంకోటి, మొదలుపెట్టిన జపమాలను మధ్యలో ఆపకూడదు. మా ఇళ్ళల్లో పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా, గుమ్మంలోకి చుట్టం వచ్చినా, సైగలతో సరిపెట్టేవాళ్ళం గానీ జపం ఆపేవాళ్ళం కాదు. పుట్టినప్పటినుంచీ ఒంటికి పట్టిన అలవాటది.

మామ్మ వందనం మొదటి సగం చెప్పి ఆగింది. నాన్న చెయ్యెత్తి, ఎవరూ పలకొద్దని సైగ చేశాడు. ఎవరూ పలకలేదు. మామ్మ కళ్ళు మూసుకుని అలాగే కూర్చుంది. రెండో సగం తను చెప్పుకోలేదు, లేచి పోలేదు, మళ్ళీ అడగలేదు. అంతమంది ముందు ఆ సగం ప్రార్థన గాల్లో వేలాడుతోంది. ఎంతసేపు గడిచిందో తెలియదు, ఉన్నట్టుండి ఒక పెద్ద గొంతు ‘పరిశుద్ధ మరియమ్మా’ అని అందుకుంది. అది నాదే. నేను చెప్పాలనుకోలేదు. నోరు దానంతటదే చెప్పేసింది. భయంతో రెండు చేతులతో నోరు మూసుకున్నాను. నాన్న నావైపు ఉరిమి చూశాడు. అప్పుడు నా వెనకనుంచి, నేను సగంలో మింగేసిన ముక్కను అమ్మ అందుకుని చివరిదాకా చెప్పింది. ఆ తర్వాతి పూసకు ముసలివాళ్ళు పలికారు. నాలుగో పూసకు అందరూ పలుకుతున్నారు, ఒక్క నాన్న తప్ప.

మొదటి పది పూసలూ అయ్యాయి. రెండో పదిలో రెండు పూసలు కాగానే మామ్మ లేచింది. మూడో వందనం మొదటి సగం చెబుతూ గుడి పక్క సందులోకి నడవడం మొదలుపెట్టింది. మేం కూర్చున్నచోటనే పలికాం. తర్వాతి సగం దూరంనుంచి సన్నగా వినిపించింది. వినిపించకపోతే ఎలా పలకడం? మధ్యలో ఎలా వదిలేయడం? ముందు అమ్మ లేచింది, తర్వాత నేను, ఆ తర్వాత ఒక్కొక్కరే చీరలు దులుపుకుంటూ లేచి ఆవిడ వెనక నడిచాం. పలుకుతూ నడిచాం, నడుస్తూ పలికాం. ఎక్కడికి తీసుకుపోతోందో అందరికీ తెలుసు. తెలిసీ ఆగలేకపోయాం. ఆ సందు తిరిగేసరికి వెనక గేటు దగ్గర ఊరివాళ్ళంతా కూర్చుని ఉన్నారు.

వాళ్ళు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. కొట్లాటకే వచ్చామనుకున్నారు. వాళ్ళలో పెద్దమనిషి మామ్మ సొంత తమ్ముడే, రేవులో కళాసీల మేస్త్రి. ఆయన తలగుడ్డ బిగించుకుంటూ అడ్డం వచ్చాడు. “ఏటప్పా ఇది? నీకేటైనా పిచ్చెక్కినాదేటి? ఈ గుంటూరోల్లని ఎంటేసుకుని ఇక్కడికెందుకొచ్చినావు?” అని కేకలేశాడు. మామ్మ ఆయన మొహంలోకి చూస్తూ వందనం మొదటి సగం చెప్పి ఆగింది. మేం పలికాం. మళ్ళీ చెప్పింది. ఈసారి వాళ్ళ ఆడవాళ్ళు కూడా పలికారు. ఆ ఇరుకు సందులో రెండు గుంపులూ ఒకరి భుజం ఒకరికి తగులుతూ నిలబడి, ఒకరి మొహాలు ఒకరు చూసుకోకుండా, మిగతా జపమాలంతా చెప్పాం. గోడను దాటించాలని అన్నాళ్ళూ అరిచిన నేను ఆ పూట నెమ్మదిగానే పలికాను.

ఊరివాళ్ళకొక ఆచారం ఉంది. జపమాల ముగిశాక సమాధులవైపు తిరిగి, అక్కడున్న తమ చనిపోయినవాళ్ళ పేర్లు పైకి చెప్పి, ఒక్కొక్కరికీ విశ్రాంతి కోరతారు. మామ్మ గేటు ఊచలు పట్టుకుని మొదలుపెట్టింది. తన భర్త పేరు చెప్పింది. తమ్ముడి భార్య పేరు చెప్పింది. మూడోది ఒక మగపిల్లవాడి పేరు. అది ఎప్పుడూ వినలేదు నేను. “ఫిట్టరు బాబు కొడుకు” అని చేర్చింది.

అమ్మ నోట్లో చీరకొంగు కుక్కుకుంది. అప్పటిదాకా అందరికీ వెనకగా, మౌనంగా వచ్చిన నాన్న జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. “ఎవరి కొడుకు? ఏం పేరు చెప్పావు?” అన్నాడు. కోపమో, మరొకటో నాకు తెలియలేదు. ఆయన గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

మామ్మ ఆయనవైపు తిరిగింది. “నీ కొడుకే బాబూ. ఆ దినం నువ్వు ఊర్లో నేవు. గుంటడు ఊపిరి తియ్యనేక నీలంగా అయిపోనాడు. గురువుగారొచ్చీలోగా పేనం ఎల్లిపోద్దని నానే నీల్లు పోసి పేరెట్టీసినాను. జ్ఞానస్నానం నేకపోతే అప్పట్లో ఈ గేటు లోపలికి రానిచ్చేవోరు కాదు కదా. మా ఆయన ఆ సిన్న పెట్టి భుజానెట్టుకుని ఈ దారంటే తెచ్చినాడు. మీరిద్దరూ ఆ మాటెత్తితే తట్టుకోనేరని నానూ ఎత్తనేదు. పేరు నాకాడే ఉండిపోనాది.”

నాన్న ఆ పుట్టుకకు వారం ముందు తన తల్లికి బాగాలేదని కృష్ణా జిల్లాలోని సొంతూరు వెళ్ళాడట. టెలిగ్రాం అంది తిరిగొచ్చేసరికి అన్నీ అయిపోయాయట. మంచంపట్టి ఉన్న అమ్మను ఏమీ అడగలేక, తర్వాత అడిగే ధైర్యం చాలక, ఏడేళ్ళు ఆ దిబ్బవైపు చూడకుండా గడిపేశాడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు తెలిసిందల్లా మా నాన్న ఆ బురద సందులో చతికిలపడి, ఆ పేరును పెదాలతోనే రెండు మూడుసార్లు అనుకోవడం. భుజాలమీద మోయడం గురించి పండుగ ముందు తనన్న మాట ఆయనకు ఆ క్షణంలో గుర్తొచ్చే ఉంటుంది. నాకు మాత్రం కాలవలోకి దొర్లిన బిందె చప్పుడు మళ్ళీ వినబడింది. నా తమ్ముడికి నీళ్ళు పోసిన చేతులే కాలవలోంచి ఆ బిందెను తీసుకున్నాయి.

మామ్మ తమ్ముడు తలగుడ్డ విప్పేశాడు. నాన్న పక్కనే కింద కూర్చుని, రెక్క పట్టి లేపబోతూ అన్నాడు. “నెగు బావా. కాయితం తియ్యి. అర్జీ ఒకటే రాయి. నాను ముందు ఏలిముద్ర ఏత్తాను.”

అప్పటికప్పుడు నా బడిసంచి తెప్పించి, పుస్తకంలోంచి కాగితం చింపారు. ఎవరో వీపు వంచితే దానిమీద పెట్టి నాన్న రాశాడు. తప్పెవరిదని ఆ కాగితంలో లేదు. తల్లిని పడగొట్టింది మేమందరమనీ, మా చనిపోయినవాళ్ళు లోపల ఒకే చోట ఉన్నారనీ, వాళ్ళ దగ్గరకు మమ్మల్ని రానివ్వమనీ నాలుగు ముక్కలు. కింద సంతకాలూ వేలిముద్రలూ ఎవరివి ఎవరివో తెలియకుండా కలిసిపోయాయి. మర్నాడు రెండు వైపుల పెద్దలూ కలిసి బిషపుగారి దగ్గరకు నడిచి వెళ్ళారు. బిషపుగారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, సమాధుల గేటు తాళంచెవి ఒక్కటే ఇచ్చారట. గుడి తలుపులకు మాత్రం ఇంకొన్నాళ్ళు ఆగమన్నారు. మేం నిజంగా ఒక్కటయ్యామో లేదోనని ఆయన అనుమానం ఆయనది. తలుపులు క్రిస్మసుకు తెరుచుకున్నాయి. ఆ లోపే మావాళ్ళలో కొన్ని కుటుంబాలు అలిగి టౌను గుడికి మారిపోయాయి. బిందె దగ్గర నాకు కన్నెగరేసిన పిన్ని వాళ్ళలో ఒకరు. మళ్ళీ రాలేదు.

ఆత్మల పండుగనాడు గేటు తెరిచారు. రెండు నెలల గడ్డి మోకాళ్ళదాకా పెరిగింది. నాన్న ఆ దిబ్బ దగ్గరకు మొదటిసారి వెళ్ళాడు, వంగి గడ్డి పీకడం మొదలుపెట్టాడు. ఏటా పండుగకు ముందు ఆ చోటు శుభ్రం చేసింది ఎవరో ఆ రోజు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. నేను మామ్మ దగ్గరకు వెళ్ళి, బిందె సంగతి చెప్పి ఏడ్చాను. “దానికేటి, సొట్ట పడితే నీల్లు కారిపోతాయేటి?” అంది మామ్మ, నా ముక్కు తన చెంగుతో తుడుస్తూ. ఆ సాయంత్రంనుంచి ఆవిడ బతికినన్నాళ్ళూ ఆ బిందె నేనే నింపి తెచ్చాను. ఆవిడ వద్దనలేదు.

ఇది ఇక్కడితో ఆగితే మామ్మ నేర్పిన పాఠంగా మిగిలేది. కానీ నన్ను అన్నిటికంటే దిగ్భ్రాంతికి గురిచేసిన మాట చాలా ఏళ్ళ తర్వాత విన్నాను. అమ్మ బాగా పెద్దదయ్యాక, ఆ ఊసులు చెప్పుకుంటూ ఒక మధ్యాహ్నం అడిగాను. మామ్మ నీళ్ళు పోసినప్పుడు నువ్వు ఆ గదిలోనే ఉన్నావు కదమ్మా, ఆ రెండు నెలలూ ఎందుకు చెప్పలేదు, నేను బిందె తన్నినప్పుడైనా ఎందుకు చెప్పలేదు అని. అమ్మ అంది. “మనవాళ్ళంతా ఒకపక్కన ఉన్నారే. ఆ మాటంటే నన్నూ అటు తోసేస్తారని భయమేసింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఈలోగా నువ్వే అందరికంటే గట్టిగా అరవడం మొదలెట్టావు.”

మా అమ్మంత మంచి మనిషి, అంత రుణపడి ఉన్న మనిషి, ఒక్క భయంతో నోరు కట్టుకుంది. తాళం పడిన పొద్దున కూడా నాకంత భయం వేయలేదు. అమ్మను నేనేమీ అనలేదు, అనే హక్కు నాకెక్కడిది? చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

అప్పటినుంచి నాకొక తొందర పట్టుకుంది. నలుగురు చేరి, ఫలానావాళ్ళింతే అని ఎవరినైనా అనడం మొదలుపెడితే, వాళ్ళు నాకు చేసిన మంచి ఏదైనా గుర్తుంటే అక్కడికక్కడే చెప్పేస్తాను. సమయం సందర్భం చూడను. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, ఆస్పత్రి వరండాల్లో చెప్పి చీవాట్లు తిన్నాను. మా ఇంట్లో నన్ను ఎదురుమాటల మనిషి అంటారు, మా అమ్మాయి బల్లకింద నా కాలు తొక్కుతుంది. తొక్కనీ. ఆ గదిలో ఎక్కడో ఒక మూల పిల్లలు కూర్చుని వింటూ ఉంటారు. తెలిసి కూడా నేను నోరు మూసుకుంటే, వాళ్ళ చెవిన పడేది అరుపులే.